పై వచనం, కింది వచనం



ఇంటర్ అయిపోయింది, డిగ్రీ అయిపోయింది, ఇక ఏం చదవాలి? ఇంజనీరింగా, నర్సింగా, బి.ఇడి.యా? ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ చర్చ నడుస్తుంది. కొన్ని ఇళ్ళలో మాత్రం పిల్లలు ఇంకో మాట అంటారు. "నాన్నా, నేను సేవకి వెళ్తాను" అంటారు. సేవ అంటే ఇక్కడ క్రైస్తవ సంఘంలో పరిచర్య. పాస్టరు పని. ఆ మాట వినగానే అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది, అది సంతోషమో దిగులో ఆమెకే తెలియదు. నాన్న "జీతం ఎంత ఇస్తార్రా?" అంటాడు. ఆ ప్రశ్నలోనూ తప్పు లేదు.

ఇంతలో మేనమామ అందుకుంటాడు. "సేవకి చదువెందుకురా? పిలిచినవాడు దేవుడు. నోట్లో మాట పెట్టేవాడూ ఆయనే. నాలుగేళ్ళు కాలేజీలో కూర్చుంటే ఉన్న వేడి కాస్తా చల్లారిపోతుంది" అంటాడు. ఈ మాట మన సంఘాల్లో పాతది. బలమైనది కూడా. ఇవాళ ఆ మేనమామగారితోనే మాట్లాడదామనుకుంటున్నాను. సేవకి వెళ్తానన్న ఆ అబ్బాయితో, ఆ అమ్మాయితో కూడా.

ముందే చెప్పేస్తాను, నేను పాస్టర్ని కాదు. ప్రసంగం చెప్పేవాణ్ణి కాదు. ఎదురుగా కూర్చుని వినేవాణ్ణి. అందుకని వినేవాడి వైపు నుంచే చెబుతాను. పాస్టర్లు చదివే థియాలజీ కాలేజీలో ఏం నేర్పుతారండీ అని ఎవరైనా అడిగితే నా జవాబు చాలా చిన్నది. పై వచనం చదవడం నేర్పుతారు. కింది వచనం చదవడం నేర్పుతారు. మిగతా చదువంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

పై వచనం ఏమిటి, కింది వచనం ఏమిటి అంటారా? చెబుతాను.

హాస్టల్లో ఉన్న కొడుక్కి ఊరి నుంచి నాన్న ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి పంపాడనుకోండి. "నాయనా, ఈసారి వానలు దెబ్బకొట్టాయి. ధాన్యం ఇంకా అమ్మలేదు. డబ్బు పంపిస్తాను. సంక్రాంతి దాటేదాకా ఎలాగో సర్దుకో." ఇదీ ఉత్తరం. కొడుకు అందులోంచి ఒక్క ముక్క తీసుకున్నాడు. "డబ్బు పంపిస్తాను." ఆ ముక్క పట్టుకుని స్నేహితులకి బిర్యానీ తినిపించాడు. ఇప్పుడు చెప్పండి, నాన్న అబద్ధమాడాడా? లేదు. ఆ మాట నాన్నదే. కొడుకు దొంగ మాట కల్పించాడా? లేదు. ఉన్న మాటే చదివాడు. కాకపోతే పై మాట చదవలేదు, కింది మాట చదవలేదు. అందువల్ల నాన్న మాటని నాన్నకే వ్యతిరేకంగా వాడుకున్నాడు.

బైబిలుతో కూడా మనం చేసేది చాలాసార్లు ఇదే.

డిసెంబరు 31 రాత్రి సంగతి క్రైస్తవ శ్రోతలకి చెప్పక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతాను. ఆ రాత్రి చర్చిలో ఆరాధన ఉంటుంది. పన్నెండు కొట్టగానే కొత్త సంవత్సరం శుభాకాంక్షలు, కేకు, కరచాలనాలు. ఆ తర్వాత చాలా సంఘాల్లో ఒక పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు పెడతారు. వాగ్దాన కార్డులు. ప్రతి కార్డు మీద ఒక బైబిలు వచనం. ఒక్కొక్కరు వెళ్ళి ఒక కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదికి ఆ వచనం వాళ్ళది. దాన్ని బైబిల్లో దాచుకుంటారు, బీరువా తలుపుకి అంటిస్తారు. ఈ అలవాటంటే నాకూ ఇష్టమే. వెక్కిరించడానికి చెప్పడం లేదు.

ఆ కార్డుల్లో తప్పకుండా ఉండే వచనం ఒకటుంది. యిర్మీయా గ్రంథం, 29వ అధ్యాయం, 11వ వచనం. మీకోసం నా దగ్గర మంచి ఆలోచనలున్నాయి, కీడు కాదు, మీకు ముందుకాలం ఉంది, నిరీక్షణ ఉంది అని దేవుడు చెప్పే మాట అది. ఆ కార్డు చేతికొచ్చినవాడి ముఖం వెలిగిపోతుంది. ఈ ఏడాది ఉద్యోగం ఖాయం అనుకుంటాడు. పెళ్ళి ఖాయం అనుకుంటుంది.

ఇప్పుడు పై వచనం చదువుదాం. పదో వచనం. అక్కడ ఒక అంకె ఉంది. డెబ్బై. బబులోనులో డెబ్బై ఏళ్ళు గడవాలి, ఆ తర్వాతే మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తాను అని దేవుడంటాడు. డెబ్బై ఏళ్ళండీ! ఆ మాట విన్నవాళ్ళలో నడివయసు వాళ్ళెవరూ బతికుండగా సొంత ఊరు చూడరు.

ఇంకా పైకి వెళ్దాం. అసలిది ఎవరు ఎవరికి రాసిన మాట? ఇదీ ఒక ఉత్తరమే. క్రీస్తుకు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదకొచ్చాడు. రాజుని, అధికారుల్ని, కంసాలుల్ని, పనిమంతుల్ని పట్టుకుపోయాడు. పరాయి దేశంలో పడి ఉన్న ఆ జనానికి యెరూషలేములో మిగిలిన యిర్మీయా రాసి పంపిన ఉత్తరం ఇది. అందులో ఏముంది? ఇళ్ళు కట్టుకోండి. తోటలు వేసుకోండి. పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చేయండి. అది బాగుంటేనే మీరూ బాగుంటారు. తొందరగా వచ్చేస్తారనుకుని మూటలు సర్దుకుని కూర్చోకండి అన్నది దాని సారం.

ఇంకో మెట్టు పైకి. 28వ అధ్యాయం. అక్కడ హనన్యా అని ఇంకో ప్రవక్త ఉన్నాడు. దేవాలయంలో జనం ముందు నిలబడి, రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారు అని ప్రకటించాడు. యిర్మీయా మెడ మీద కొయ్య కాడి ఉంటే దాన్ని తీసి విరిచేశాడు. చూస్తున్న జనానికి ఎంత హుషారుగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. యిర్మీయా ముందు "ఆమేన్, అలాగే జరగాలి" అన్నాడు. ఆయనకీ అలా జరిగితే బాగుండుననే ఉంది. కానీ అది నిజం కాదని తెలుసు.

అంటే ఆ రోజుల్లో ఇద్దరు ప్రసంగీకులున్నారు. ఒకరు రెండేళ్ళ ప్రసంగీకుడు. ఒకరు డెబ్బై ఏళ్ళ ప్రసంగీకుడు. జనం ఎవరి కూటానికి వెళ్ళి ఉంటారు? మీరే చెప్పండి.

మనం చేస్తున్న తమాషా ఏమిటంటే, డెబ్బై ఏళ్ళ ప్రసంగీకుడు చెప్పిన వచనాన్ని తీసుకుని రెండేళ్ళ ప్రసంగీకుడిలా వాడుతున్నాం. పై వచనం చదవకపోతే జరిగేది అదే.

మరి ఆ వాగ్దానం అబద్ధమా? కాదు. పై వచనంతో కలిపి చదివితే అది ఇంకా పెద్దది. కష్టం తీరిపోతుంది అని కాదు, కష్టం తీరకముందే బతకడం మొదలుపెట్టు అని చెబుతుంది. గల్ఫ్‌లో కొడుకు, ఇక్కడ ఇంటి నిండా అప్పు, రెండేళ్ళని వెళ్ళినవాడు పదేళ్ళయినా రాలేదు. అలాంటి తల్లికి ఏ మాట కావాలి? వచ్చే నెలలో వచ్చేస్తాడమ్మా అనే మాటా? అది నిజం కాకపోతే ఆమె దేవుణ్ణే అనుమానిస్తుంది. ఇంటి వెనక నాలుగు మొక్కలు పెట్టుకో అమ్మా, దేవుడు ఈ ఎదురుచూపులో కూడా నీతోనే ఉన్నాడు అనే మాట ఆమెకి పదేళ్ళు పనికొస్తుంది.

ఇంకొకటి చూద్దాం. పరీక్ష హాలు టికెట్ మీద పిల్లలు రాసుకునే వచనం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, నాలుగో అధ్యాయం, 13. నన్ను బలపరిచేవాడి వల్ల అన్నీ చేయగలను అనే భావం. లెక్కల పేపరుకి ముందు ఎంత ధైర్యమో! పై వచనం చదవండి. పౌలు అక్కడ పరీక్ష గురించి మాట్లాడటం లేదు. ఖైదులో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘం వాళ్ళు ఎపఫ్రొదితు చేత ఆయనకి కానుక పంపారు. దానికి కృతజ్ఞత చెబుతూ, కడుపు నిండినప్పుడు ఎలా ఉండాలో నేర్చుకున్నాను, పస్తులప్పుడు ఎలా ఉండాలో కూడా నేర్చుకున్నాను అంటాడు. ఆ తర్వాత వస్తుంది ఈ వచనం. అంటే ఇది ఫస్టు ర్యాంకు వచనం కాదు. ఫెయిలైనా నిలబడగలిగే వచనం. అది రాసుకుని వెళ్ళి తప్పినవాడికి ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేవాడే పాస్టరు కావాలి.

మేనమామగారూ, ఇంతకీ ఇదంతా కాలేజీకి వెళ్ళకుండా చదువుకోలేమా అంటారు. చదువుకోవచ్చు. పై వచనం చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన పల్లెల్లో ఏ డిగ్రీ లేకుండానే ఇలా చదివిన పెద్దలున్నారు. కానీ ఎంత పైకి వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఆ కాలంలో బబులోను ఏమిటి, ఎందుకు దండెత్తింది, ఆ ఉత్తరం ఏ భాషలో రాశారు, ఇవన్నీ ఒక్కడే వెతుక్కుంటే జీవితమంతా పడుతుంది. నేర్పేవాళ్ళు ఉంటే నాలుగేళ్ళు. ఒంటరిగా చదివేవాడికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "అది అలా కాదేమో" అనేవాడు పక్కన ఉండడు. సొంత అభిప్రాయమే దేవుడి మాటలా వినిపించడం మొదలవుతుంది. క్లాసులో ముప్పై మంది ఉంటే అలా వినిపించదు, వినిపించనివ్వరు.

మన తెలుగు నేల మీద ఈ చదువు ఎందుకు మొదలైందో చూస్తే సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇప్పించాడు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరువు ఉన్నంతకాలం ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఇచ్చింది క్లౌ కాదు, తెలుగు బోధకులే వంతులవారీగా నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

ఈ అంకెని మనం చాలా గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ మర్నాటి సంగతి ఎక్కువ ఆసక్తి. జూలై 4 పొద్దున్నే ఏమై ఉంటుంది? రెండు వేల రెండొందల మంది తమ తమ పల్లెలకి వెళ్ళిపోయారు. ఎక్కువమంది మాదిగలు. అక్షరం అందనివ్వని కాలం. వాళ్ళకి వాక్యం ఎవరు చదివిపెట్టాలి? పెళ్ళి ఎవరు చేయాలి? చావింట్లో ఎవరు నిలబడాలి? భూస్వామి వెట్టికి రమ్మంటే, రాకపోతే కొడతానంటే, ఏం చేయాలో ఎవరు చెప్పాలి? ఇలాంటి అవసరం కోసమే ఆ 1870లలోనే, ఈ బాప్తిస్మాలకి ముందే, రామాయపట్నంలో బాప్టిస్టుల సెమినరీ వెలిసింది. చెప్పేవాళ్ళని తయారుచేయడానికి. సెమినరీ అనేది సంఘానికి అలంకారంగా రాలేదండీ. మర్నాటి అవసరం కోసం వచ్చింది.

దోర్నకల్లులోనూ అంతే. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య, భారతీయుల్లోనే మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్, తమిళుడు. మనకోసం తెలుగు నేర్చుకున్నాడు. పల్లె ఉపాధ్యాయుల్ని భార్యలతో సహా పిలిపించి చదువు చెప్పించాడు. పాస్టరు అయ్యగారికి ఒక్కరికే కాదు, ఆయన భార్య అమ్మగారికి కూడా చదువు కావాలని ఆయనకి అప్పుడే తెలుసు. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళు కష్టం చెప్పుకునేది అయ్యగారితో కాదు కదా, అమ్మగారితో.

1964లో ఒక మంచి పని జరిగింది. లూథరన్లు, బాప్టిస్టులు, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే సి.ఎస్.ఐ. వారు, మెథడిస్టులు ఎవరి కాలేజీ వాళ్ళది అనుకోకుండా కలిసి ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పెట్టుకున్నారు. రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చింది. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఉంది. అక్కడ ఒక మిషన్ పిల్లవాడు ఇంకో మిషన్ పిల్లవాడి పక్క మంచం మీద పడుకుంటాడు. చిలకరించే బాప్తిస్మం వాళ్ళు, ముంచే బాప్తిస్మం వాళ్ళు ఒకే మెస్సులో అన్నం తింటారు. ఇది కూడా చదువే. సిలబస్‌లో రాయరు గానీ.

ఆ కాలేజీలో చదివినవాళ్ళకి డిగ్రీలు ఇచ్చేది బెంగాల్లోని శ్రీరాంపూర్ సెనెట్. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, బాగుంటుంది. శ్రీరాంపూర్ అప్పట్లో డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. చెప్పులు కుట్టి బతికిన విలియం కేరీ, తన స్నేహితులు మార్ష్‌మన్, వార్డులతో కలిసి 1818లో అక్కడ కాలేజీ పెట్టాడు. డెన్మార్క్ రాజు 1827లో దానికి డిగ్రీలిచ్చే హక్కు రాసిచ్చాడు. 1918లో బెంగాల్ శాసన మండలి ఆ హక్కు మీద చట్టం చేసింది. దేశంలో చాలా థియాలజీ కాలేజీలు ఇప్పటికీ ఆ సెనెట్ కిందే నడుస్తాయి. అన్నట్టు ఆ కేరీగారే 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చువేశాడు. మన భాషకీ ఆయన కొంచెం చుట్టమే.

కోర్సుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటర్ తర్వాత చేరేది బి.టి.హెచ్., అంటే బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ. డిగ్రీ తర్వాత చేరేది ఎక్కువగా బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ. ఆపైన ఎం.టి.హెచ్. ఉద్యోగం మానలేని వాళ్ళకి, సండే స్కూలు టీచర్లకి, సంఘ పెద్దలకి దూరవిద్యలో బి.సి.ఎస్. అని ఒకటుంది. అదీ శ్రీరాంపూరుదే. పాస్టర్లు అవ్వాలని లేకపోయినా చదువుకోవచ్చు. వేరే సంస్థల గుర్తింపుతో ఎం.డివ్. ఇచ్చే కాలేజీలు కూడా ఉన్నాయి.

ఇక లోపల ఏం జరుగుతుంది? పాత నిబంధన, కొత్త నిబంధన. సంఘ చరిత్ర. సిద్ధాంతం. గ్రీకో హీబ్రూవో. గ్రీకు అనగానే పిల్లలు భయపడతారు. కానీ అందులో నామవాచకానికి చివర మారుతూ ఉండే విభక్తులు తెలుగు పిల్లలకి కొత్తేమీ కాదు. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు వ్యాకరణం మరిచిపోయినవాళ్ళకే ఎక్కువ కష్టం. ఇతర మతాల గురించి కూడా ఒక పేపరు ఉంటుంది. మన పల్లెలో పాస్టరుకి కుడివైపు ఇల్లు రామభక్తుడిది, ఎడమవైపు ఇల్లు ముస్లిముది కావచ్చు. పొరుగువాడి నమ్మకం తెలియకుండా పొరుగువాణ్ణి ప్రేమిస్తానంటే అది సగం ప్రేమే. కులం గురించి, పేదరికం గురించి కూడా చదువుతారు. 1980ల నుంచి అరవింద్ నిర్మల్ లాంటి ఆచార్యులు దళిత థియాలజీ అని ఒక దారి వేశారు. అవమానం పడిన మనిషి బైబిలు చదివితే అందులో ఏం కనిపిస్తుంది అని అడిగారు. గుండ్లకమ్మలో దిగినవాళ్ళ మునిమనవలు అడగాల్సిన ప్రశ్నే అది.

ఇన్ని పాఠాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది వేరే. చాలా కాలేజీల్లో విద్యార్థుల్ని ఆసుపత్రికి పంపిస్తారు. రోగి మంచం పక్కన కూర్చుని మాట్లాడాలి. గదికి తిరిగొచ్చాక ఆ సంభాషణని గుర్తున్నంతవరకు మాటకి మాట రాయాలి. ఆయన ఏమన్నాడు, నేనేమన్నాను, ఆయన మళ్ళీ ఏమన్నాడు. ఆ కాగితం క్లాసులో చదువుతారు. అప్పుడు మాస్టారు అడుగుతారు. "ఇదిగో, ఇక్కడ ఆయన కూతురి మాట ఎత్తాడు. నువ్వు వెంటనే ప్రార్థన చేద్దామన్నావు. ఎందుకన్నావు? ఆయన కోసమా, నీ కోసమా?" కుర్రవాడికి చెమటలు పడతాయి. నిజం ఏమిటంటే, కూతురి మాట వింటే ఏం చెప్పాలో వాడికి తెలియదు. అందుకని ప్రార్థన వెనకాల దాక్కున్నాడు.

ఇదీ పై వచనం, కింది వచనమే. చూశారా? మనిషికి కూడా పై వచనం ఉంటుంది. "మా అబ్బాయి తాగుతున్నాడండీ, ప్రార్థన చేయండి" అని ఒక తల్లి వస్తుంది. అది ఒక్క వచనం. దాని పైన ఏముంది? వాడి పని పోయింది. ఇంకా పైన? పని ఇప్పిస్తానని ఎవరో లక్ష రూపాయలు తీసుకున్నారు. దాని కింద ఏముంది? కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. ఒక్క వచనానికి ప్రార్థన చేసి పంపేస్తే ఆమె మళ్ళీ వారం వస్తుంది. పైదీ కిందిదీ విన్న అయ్యగారు ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత కోడలింటికి కూడా వెళ్తారు. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఆ వచనం విప్పడం, ఈ మనిషిని వినడం రెండూ ఒకే చదువు. అందుకే మేనమామగారూ, చదివితే వేడి చల్లారుతుందని నేను నమ్మను. వినడం రాని వేడి ఎదుటివాణ్ణి కాల్చడం మాత్రం చూశాను.

ఇంకో వైపు కూడా చెప్పాలి. చదువుకున్నవాళ్ళంతా వినడం నేర్చుకున్నారని కాదు. మూడు డిగ్రీలు తగిలించుకుని గ్రీకు మాటలు చల్లి వెళ్ళిపోయే ప్రసంగాలూ విన్నాను. వినేవాడికి అన్నం పెట్టకుండా వంటపాత్రల జాబితా చదివినట్టుంటాయవి. ఇక పేరు ముందు "డాక్టర్" అని పెట్టుకోవడానికి డబ్బు కట్టి తెచ్చుకునే గౌరవ పట్టాలున్నాయి. వాటి గురించి ఒక్కటే అంటాను. వద్దు. ఫ్లెక్సీ మీద బాగుంటుంది, చావింట్లో పనికిరాదు.

సరే, అబ్బాయీ, అమ్మాయీ, ఇప్పుడు మీతో. అమ్మాయీ అని ఊరికే అనలేదు. 2013లో సి.ఎస్.ఐ. సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్ వచ్చింది మన నంద్యాల డయోసిస్‌కే. పుష్పలలితగారు. అన్ని సంఘాలూ ఆడవాళ్ళకి అభిషేకం ఇవ్వవు. మీ సంఘం ఇస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ఇవ్వకపోయినా చదువు వద్దని మాత్రం అనుకోకండి.

చేరేముందు కాలేజీ వాళ్ళని అడగాల్సింది పెద్దగా లేదు. డిగ్రీ ఎవరిస్తారు? అది నోటిమాటగా కాదు, కాగితం మీద చూపించమనండి. లైబ్రరీ చూపించమనండి. పుస్తకాల మీద దుమ్ముందో వేలిముద్రలున్నాయో చూసి రండి. వారాంతాల్లో విద్యార్థుల్ని ఏ సంఘాలకి పంపుతారో అడగండి. ఎక్కడికీ పంపని కాలేజీ అయితే ఆలోచించండి. పెద్ద సంఘాల్లో అయితే డయోసిస్‌నో సినడ్‌నో అడిగి సిఫారసు ఉత్తరం తెచ్చుకోవాలి. చాలాచోట్ల ఫీజులో కొంత వాళ్ళే భరిస్తారు. నాన్నగారడిగిన జీతం ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెబుతాను. జీతం తక్కువే. బదిలీలు ఉంటాయి. పిల్లల స్కూళ్ళు మారతాయి. ఇది తెలిసి వెళ్ళండి. పెళ్ళి చూపుల్లో కూడా దాచకండి.

ఒక్క పని మాత్రం దరఖాస్తు నింపకముందే చేయండి. మీ ఊరి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళండి. ఆదివారం కాదు. ఆదివారం అందరూ బాగానే కనిపిస్తారు. మంగళవారమో బుధవారమో వెళ్ళండి. ఆయన సైకిలో బండో వెనక కూర్చోండి. రోగి ఇంటికి వెళ్తే మీరూ వెళ్ళండి. అన్నదమ్ముల తగువు తీర్చడానికి వెళ్తే మీరూ అరుగు మీద కూర్చోండి. మీరేం మాట్లాడొద్దు. వినండి. కొన్నాళ్ళు అలా తిరిగాక కూడా ఈ పని నాది అనిపిస్తే, అప్పుడు కాలేజీకి వెళ్ళండి. అనిపించకపోతే సిగ్గుపడక్కర్లేదు. ఇంజనీరుగా ఉండి సండే స్కూలు నడపండి, సంఘానికి అలాంటివాళ్ళూ కావాలి.

మేనమామగారూ, మీకు ఒక్క మనవి. పిల్లవాడు వెళ్తానంటే ఆపకండి. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ప్రసంగం చెప్పించుకోండి. చెప్పడం అయ్యాక "పై వచనం ఏముందిరా?" అని మీరే అడగండి.